పెరటి సాగు, 8వ పాఠం: నీళ్లు దిగాక మొక్క వాలితే

పోయిన పాఠంలో మడి చుట్టూ కాలువ తీయమన్నాను. తీశారు. వెంటనే వాన కూడా పడింది. వారం తిరక్కుండా నాకు వచ్చిన ఫోటోలన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. చక్కగా చెక్కిన కాలువ, దాని నిండా అంచుల దాకా నీళ్లు, మధ్యలో తలలు వాల్చేసిన టమాటా మొక్కలు. కాలువ ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నది రాశాను గానీ ఆ నీళ్లు ఎక్కడికి పోవాలో రాయలేదు. అది మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఈ వారం చెబుతానన్న నారు పెంపకాన్ని అందుకే వెనక్కి జరిపాను. ముందు ఇది తేలాలి.

బయటికి దారి లేని కాలువ పొడవాటి గుంట మాత్రమే. మా తెనాలి వైపు నల్లరేగడిలో అయితే ఆ గుంటలో నిలిచిన నీళ్లు మళ్లీ మడిలోకే ఊరతాయి. కాబట్టి పార పట్టుకునే ముందు పెరట్లో ఏ మూల పల్లమో తేల్చుకోండి. కంటితో చూసి నిర్ణయించొద్దు. మేస్త్రీలు వాడే లెవల్ పైపు ఒకటి తెచ్చుకోండి, దాన్ని ఎలా పట్టుకోవాలో ఏ మేస్త్రీని అడిగినా రెండు నిమిషాల్లో చూపిస్తాడు. పది మీటర్ల కాలువకు ఈ చివరి నుంచి ఆ చివరికి పది సెంటీమీటర్ల వాలు ఉంటే చాలు. నాలుగు వైపులా ప్రహరీ ఉండి బయటికి దారే లేకపోతే, పల్లపు మూలలో మోకాలి లోతు గుంత తీసి కాలువలన్నీ దానిలోకి కలపండి. వాన వెలిసిన వెంటనే బకెట్‌తో తోడి వీధి కాలువలో పోయాలి. పక్కింటి గోడ వైపు మాత్రం వదలొద్దు.

ఇంకో సంగతి. రెండు ఫోటోల్లో కాలువ మొక్క మొదలుకు జానెడు దూరంలోనే ఉంది. అంత దగ్గరగా తవ్వితే సగం వేళ్లు పారతోనే తెగిపోతాయి. మూరెడు దూరం వదలండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పాఠం మొత్తంలో ఇది ఒక్కటి గుర్తున్నా చాలు. నీళ్లు దిగిపోయాక ఎండ కాస్తుంది, మొక్క వాలుతుంది. చూసినవాళ్లకు "అయ్యో, దాహంగా ఉంది" అనిపిస్తుంది. పైపు తెచ్చి నీళ్లు పెడతారు. మొక్క పోతుంది. ఫోటోలు పంపినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఎక్కువమంది ఇదే పని చేశారు.

నేనూ చేశాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పెరడు మూడు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు దిగిన రోజు మధ్యాహ్నానికి టమాటాలన్నీ వాలిపోయాయి. సాయంత్రం పైపు పట్టుకుని వరసంతా తడిపాను. పైపు అందని చివర ఆరు మొక్కలు మిగిలిపోయాయి, పొద్దున పెడదాం అనుకుని వదిలేశాను. నాలుగో రోజుకి తడిపిన వరస మొత్తం చచ్చింది. ఆ ఆరింటిలో మూడు నిలబడ్డాయి, సంక్రాంతికి కాయలిచ్చాయి. పైపు ఇంకో రెండు గజాలు పొడవుంటే ఆ మూడు కూడా దక్కేవి కావు.

ఎందుకంటే వేరు కూడా గాలి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో మామూలుగా గాలి ఉంటుంది. వాన నీళ్లు నిలిస్తే ఆ సందుల్లో గాలి పోయి నీళ్లు చేరతాయి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, మన వేడిలో లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పైగా ఆక్సిజన్ నీటిలో కదిలే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. ఉన్న కాస్తా వేళ్లు, మట్టిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. ఊపిరాడని వేరు నీటిని లోపలికి తీసుకోలేదు. చుట్టూ నీళ్లున్నా ఆకుకు చుక్క అందదు. ఆ ఆకు దాహంతో వాలిందన్న మాట నిజమే. కానీ తీర్చాల్సింది వేరు ఊపిరిని. మీరు పోసే నీళ్లు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న సందులను మళ్లీ మూసేస్తాయి.

దాహానికి వాలిన మొక్కను, ఉరకెత్తి, అంటే వేళ్ల చుట్టూ నీళ్లు నిలిచిపోయి వాలిన మొక్కను వేరుగా గుర్తుపట్టడం నేర్చుకోండి. టమాటాలో ఇది బాగా తెలుస్తుంది. నీళ్లు లేక వాలితే ఆకు గుడ్డపీలికలా మెత్తబడుతుంది. ఉరకెత్తిన తొలి రోజుల్లో ఆకు బిగువుగానే ఉంటుంది, కాడ మాత్రం కిందికి వంగుతుంది, గొడుగు సగం మూసినట్టు. వేళ్ల దగ్గర మొదలైన ఇబ్బంది వల్ల ఆకుల్లో ఎథిలీన్ అనే వాయువు తయారవుతుంది. కాడను వంచేది అదే. ఆ తర్వాత ఆకు కూడా మెత్తబడుతుంది, అప్పుడు చూపుతో తేడా పట్టలేరు. అందుకే చూపు మీద ఆధారపడకుండా వేలు వాడండి. మొదలుకు బెత్తెడు దూరంలో మట్టిలోకి చూపుడువేలు పూర్తిగా దించండి. బయటికి తీసినప్పుడు వేలికి బురద అంటుకుంటే నీళ్లు పెట్టొద్దు. పైన పెచ్చు కట్టి ఎండినట్టు కనిపించినా సరే, లోపల తడి ఉంటే పెట్టొద్దు.

డాబా మీద కుండీలకూ ఇదే వర్తిస్తుంది. కింద రంధ్రం మట్టితో మూసుకుపోయిన కుండీలో మిరప మొక్క వాలితే, మొదట పుల్లతో ఆ రంధ్రం పొడవండి. దోస, బీర పాదులకూ అంతే. పందిరి మీద ఆకు వాలింది చూసి కింద పాదులో చెంబెడు పోయకండి. ఆకుల మీద బురద పట్టి ఉంటే మాత్రం పొద్దునపూట చేతి స్ప్రేయర్‌తో పల్చగా కడగండి, ఆ నీళ్లు మట్టిని తడిపేంత ఉండకూడదు.

వాలిన ప్రతి మొక్కా ఉరకెత్తినదే అనుకోవద్దు. ఆకు పచ్చగా ఉండగానే మొత్తం మొక్క ఒక్కసారిగా సొమ్మసిల్లి, పొద్దున కూడా కోలుకోకపోతే ఎండు తెగులు కావచ్చు. కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్క కొసను గాజు గ్లాసులోని తేటనీటిలో ముంచి పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి దారాలు కిందికి జారితే అది బాక్టీరియా తెగులు. ఆ మొక్కను వేళ్లతో సహా తీసి తగలబెట్టండి, ఎరువు గుంతలో వేయొద్దు. ఆ మడిలో వచ్చే పంటగా టమాటా, వంగ, మిరప పెట్టొద్దు.

మిగతాది త్వరగా చెబుతాను. తడి నేల మీద అడుగు పెట్టకండి. నల్లరేగడి తడిమీద తొక్కితే అణిగిపోయి ఇటుకలా బిగుస్తుంది. తప్పనిసరైతే చెక్క పలక పరిచి దాని మీద నిలబడండి. మట్టి పదునుకు వచ్చిందో లేదో చూడటానికి పిడికెడు తీసి నలపండి. తాడులా సాగితే ఇంకా ఆగాలి, పొడిపొడిగా విరిగితే బొరిగతో పైపైన రెండంగుళాలకు మించకుండా గుల్ల చేయండి. నేనైతే ఈ పని చేతి వేళ్లతోనే చేస్తాను, వేరు తగిలితే తెలుస్తుంది.

మట్టిలో యూరియా చల్లొద్దు. వేరు తీసుకునే స్థితిలో ఉండదు, పైగా గాలి లేని మట్టిలో నత్రజని వాయువుగా మారి ఎగిరిపోతుంది. నాలుగైదు రోజులకు కొత్త చిగురు కదిలితే లీటరు నీటికి 10 గ్రాముల యూరియా లేదా 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి. యూరియా 20 గ్రాములు వేయమనేవాళ్లున్నారు. దెబ్బతిన్న లేత ఆకుకు నేను సగమే వేస్తాను. మొదలు కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్ర నాశిని కలిపి మొక్క మొదట్లో పోయవచ్చు. అది కూడా మట్టి పదునుకు వచ్చాకే. మురుగు కాలువ నీళ్లు మడిలోకి వచ్చి ఉంటే, ఉన్న ఆకుకూరలన్నీ పీకి పారేయండి, కడిగి వండుకోవద్దు.

ఏది దక్కుతుంది, ఏది దక్కదు? మొక్క చెప్పేదాని కంటే వేరు చెప్పేది నమ్మండి. మొదలు పక్కన కాస్త మట్టి తీసి సన్న వేరు ఒకటి లాగండి. తెల్లగా గట్టిగా ఉంటే బతికుంది. గోధుమరంగులో ఉండి, పై తొక్క జారిపోయి లోపల దారంలా పీచు మిగిలితే ఆ వేరు పోయింది. ఐదు వేళ్లు చూస్తే నాలుగు అలాగే ఉంటే మొక్క మీద ఆశ వదులుకోండి. టమాటా, మిరప, బొప్పాయి, మునగ తొందరగా పోతాయి. వంగ గట్టిది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు నీళ్లు నిలిచే చోట టమాటాను వంగ వేరు మీద అంటు కట్టమని చెప్పేది అందుకే. టమాటా కాండం మొదట్లో బొడిపెల్లాంటి కొత్త వేళ్లు కనిపిస్తే పదునుకు వచ్చిన మట్టిని అక్కడి దాకా ఎగదోయండి, ఆ మొక్క ఇంకా పోరాడుతోంది. ఎప్పుడూ ఉరకెత్తే మూల ఉంటే దానితో యుద్ధం మానేసి చేమ గానీ తూటికూర గానీ వేసుకోండి. మా ఇంట్లో ఆ మూల చేమకే వదిలేశాం.

అభ్యాసం. ఇది కష్టమైనదే, కానీ చేయకుండా తొమ్మిదో పాఠం తెరవకండి. మడిలో మూడు చోట్ల, ఎత్తున ఒకటి, మధ్యలో ఒకటి, పల్లంలో ఒకటి, మూరెడు లోతు గుంతలు తీయండి. వచ్చే పెద్ద వాన వెలిసిన దగ్గర నుంచి గంటకోసారి, పన్నెండు గంటల పాటు, ప్రతి గుంతలో నీటి మట్టం నేల పైభాగానికి ఎంత కిందికి ఉందో స్కేలుతో కొలిచి రాయండి. వాన సాయంత్రం ఆగితే రాత్రంతా లేవాల్సి వస్తుంది, ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోండి. పన్నెండో గంటకు నీళ్లు జానెడు కిందికి కూడా దిగని గుంత ఉందంటే ఆ చోట వేళ్లు ఇప్పుడు మునిగే ఉన్నాయి. ఆ మూడు గుంతల అంకెలు ఒక కాగితం మీద, తేదీ, వాన ఆగిన సమయంతో సహా, దగ్గర పెట్టుకోండి. ఎత్తు మడి ఎన్ని అంగుళాలు లేపాలో వాటిని బట్టే లెక్క కడతాం.