చెన్నైలో బస: లగ్జరీ హోటలా, కళాత్మక బొటిక్ హోటలా? ఎలా తేల్చుకోవాలి?

చెన్నైలో మూడు రోజులు ఉండాల్సిన పని పడింది. పెళ్లో, ఆసుపత్రో, మార్గళి (డిసెంబరు, జనవరిల్లో వచ్చే తమిళ నెల) సంగీత కచేరీలో. చేతిలో ఉన్న డబ్బుకి పేరున్న లగ్జరీ హోటల్లో మామూలు గదైనా వస్తుంది, పాత బంగళాని మార్చి పెట్టిన పన్నెండు గదుల హోటల్లో అన్నిటికన్నా మంచి గదైనా వస్తుంది. ఫొటోలు చూస్తే ఇది తేలదు. లగ్జరీ హోటల్లో ఒక తరగతి గదులన్నీ దాదాపు ఒకే అచ్చు, కాబట్టి అక్కడ ఎంచుకోవాల్సింది హోటల్‌ని. అలాంటి చిన్న బొటిక్ హోటల్లో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. అక్కడ ఎంచుకోవాల్సింది గదిని.

1. ఎవరెవరు వస్తున్నారో ముందు చూడండి

పెద్దవాళ్లు, పసిపిల్లలు, ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే ఇంకో ఆలోచన వద్దు, పెద్ద హోటలే. వీల్‌చెయిర్ పట్టే లిఫ్టు, అర్ధరాత్రి వేడి పాలో పెరుగన్నమో పంపే వంటిల్లు అక్కడే ఉంటాయి. పాత బంగళాల్లో గడపలు ఎత్తు. బాత్రూములు తర్వాతెప్పుడో కట్టినవి కావడంతో లోపలికి అడుగు పెట్టగానే ఒక మెట్టు తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి గోడ మీద బొమ్మ ఎంత బాగుంటే ఏం లాభం?

హైదరాబాద్, విజయవాడల నుంచి రాత్రి రైల్లో వచ్చేవాళ్లకి ఇంకో చిక్కుంది. దిగేది ఉదయం, గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకి. రెండు వందల గదులున్నచోట ఒకటైనా ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. పన్నెండు గదులున్నచోట రాత్రి పడుకున్నవాళ్లు లేచి వెళ్లాలి, ఆ గది ఊడవాలి. అందుకే టికెట్ తీసిన రోజే ఫోన్ చేసి చెప్పండి. కుదరదంటే స్నానం చేసి సామాను పెట్టుకోవడానికి చోటిస్తారా అని అడగండి.

2. ఏ వైపు ఉండాలి?

గ్రీమ్స్ రోడ్డులో ఆసుపత్రి పనైనా, టీటీకే రోడ్డులో మ్యూజిక్ అకాడమీ కచేరీలైనా నగరం నడిబొడ్డునే ఉండండి. ఎగ్మోర్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలు చూడాలన్నా అంతే. అది శుక్రవారం మూసి ఉంటుంది. కళ కోసమే వస్తుంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు వేరే లోకం: ఇంజంబాక్కంలో 1966లో మొదలైన చోళమండల కళాకారుల గ్రామం, ఇంకా దిగువన ముట్టుకాడులో 1996లో తెరిచిన, దక్షిణాది ఇళ్లు, చేతిపనులు చూపే దక్షిణచిత్ర మ్యూజియం. దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. ఆ రోడ్డులో బస పెట్టుకుని రోజూ టీ నగర్ షాపింగ్‌కి రావాలనుకుంటే మాత్రం సగం సెలవు కారులోనే గడిచిపోతుంది.

3. కళ నిజమైనదా, అలంకారమా?

స్టార్ గుర్తింపు పర్యాటక శాఖ తనిఖీ చేసి ఇచ్చేది. బొటిక్ అన్న పేరు యజమాని తనకు తాను పెట్టుకునేది. కాబట్టి పరీక్ష మీదే. ఫోన్ చేసి ‘గదుల్లో ఎవరి బొమ్మలున్నాయి?’ అని అడగండి. కళాకారుల పేర్లు గబగబా చెప్తే మంచిదే. ‘ఇంటీరియర్ వాళ్లు పెట్టారు సార్’ అంటే అది అలంకారం. దానికి అదనంగా ఇవ్వక్కర్లేదు.

అక్కడికి వెళ్లాక బొమ్మ పక్కన పేరు, సంవత్సరం, వాడిన రంగుల వివరం ఉన్న చీటీ ఉందేమో చూడండి. ఫోన్ కెమెరాలో పెద్దది చేస్తే వరుసగా సన్నని చుక్కలు కనిపిస్తున్నాయంటే మామూలు అచ్చు. కింద పెన్సిల్‌తో 3/25 అని ఉంటే ఇరవై అయిదు ప్రతుల్లో మూడోదని అర్థం, దానికి విలువుంది. చట్రం వెనక గోడ బూజు పట్టిందా అన్నది కూడా గమనించండి. ఈ ఊరి చెమ్మగాలికి బొమ్మని గోడకి అంటించినట్టు వేలాడదీస్తే వెనక గాలాడదు. ఆ సంగతి పట్టించుకోనివాళ్లు పరుపుల్ని, ఏసీ ఫిల్టర్లని కూడా పట్టించుకోకపోవచ్చు.

కళ కావాలంటే చిన్న హోటలే దిక్కని కూడా అనుకోకండి. గిండీలో 2012లో తెరిచిన 600 గదుల ఐటీసీ గ్రాండ్ చోళ చోళుల ఆలయ శైలిని నమూనాగా తీసుకుంది. ఒకప్పుడు జెమినీ స్టూడియో ఉన్న స్థలంలోనే వెలిసిన ది పార్క్ హోటల్లో ఆ సినిమా వాసన ఉంటుంది. 1854లో ఇంపీరియల్ పేరుతో మొదలైన కనెమరా హోటల్‌ది పాతకాలపు దారి. తేల్చుకోలేకపోతే ఇలాంటి మధ్యరకం చూడండి.

4. బొటిక్ అయితే గదిని ప్రశ్నించండి

గది నంబరు అడిగి, ఆ గది ఫొటోలే వాట్సాప్‌లో పంపమనండి. వైశాల్యం అడగండి. 200 చదరపు అడుగులకు తగ్గితే రెండు పెద్ద పెట్టెలు, అదనపు మంచం పట్టవు. పాత ఇళ్లకు మద్రాస్ టెర్రస్ మిద్దె ఉంటుంది, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం గచ్చు చేసినది. చూడముచ్చటగా ఉంటుంది, చప్పుడు మాత్రం ఆపదు. పైన ఎవరు నడిచినా కింద వినిపిస్తుంది. నిద్ర తేలికైనవాళ్లు పై అంతస్తే అడగాలి, రోడ్డు వైపు కాకుండా.

జనరేటర్ ఉందా అని కాదు, ఏసీకి కూడా ఇస్తుందా అని అడగండి. చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్లకే సరిపెడతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తోట ఉన్న బంగళాకి దోమలు తప్పవు, కిటికీలకి మెష్ ఉండాల్సిందే.

5. లెక్క వేయండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకు గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంటే 7,500 గదికి 7,875 కడతారు, 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడాకి జేబులోంచి పోయేది 1,093. ధర ఆ గీతకి దగ్గర్లో ఉంటే బేరమాడండి, చిన్న హోటళ్లలో యజమానే ఫోన్ ఎత్తుతాడు కాబట్టి తరచూ కుదురుతుంది. తిండికీ ఇదే గొడవ. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ గదినైనా 7,500 దాటి ఇచ్చిన హోటల్లో రెస్టారెంట్ బిల్లుకి 18 శాతం, మామూలుగా అయితే 5. నలుగురు మూడు పూటలా లోపలే తినేట్టయితే గది అద్దెలో మిగిలింది అక్కడ కరిగిపోతుంది.

సర్వీస్ చార్జి మాత్రం పన్ను కాదు. బిల్లులో దానంతట అదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమనండి.

6. పెట్టె తెరవకముందు

ఏసీ వేయండి, వేడినీటి కుళాయి తిప్పి మూడు నిమిషాలు ఆగండి, ఫ్లష్ నొక్కండి, కిటికీ గడియ పడుతుందో లేదో చూడండి. ఏది సరిగా లేకపోయినా వెంటనే కిందికి వెళ్లి గది మార్చమనండి. పెద్ద హోటల్లో ఇంకోటి ఇస్తారు. చిన్నదాంట్లో మీరు బుక్ చేసిన గది లాంటిది ఇంకోటి ఉండదు, కాబట్టి బాగుచేయడానికి ఎంతసేపు పడుతుందో, తగ్గించేది ఎంతో అప్పుడే మాట్లాడుకోండి.