నన్ను నేను తెలుసుకోవడం – 3వ పాఠం: వాళ్ళు అనుకున్నది, అనుకున్నారని మనం అనుకున్నది

పోయిన పాఠంలో ‘నేను ఎవరిని?’ అనే ప్రశ్నకు 20 జవాబులు రాయమన్నాను. 1954లో అమెరికాలో మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ వెలువరించిన పరీక్ష అది. ఆ కాగితం ఇప్పుడు బయటికి తీయండి. ‘ఇద్దరు పిల్లల తల్లిని’, ‘గుంటూరు వాణ్ణి’ లాంటివి అలా ఉండనివ్వండి. ‘నేను మొహమాటస్తురాలిని’, ‘నాకు లెక్కలు రావు’, ‘నేను మాటకారిని’ లాంటి వాటి కింద గీత గీయండి. గీత పడిన ప్రతి జవాబు పక్కనా రాయండి: ఈ సంగతి మీకు ఎలా తెలిసింది? ఎవరైనా మీతో అన్నారా? లేక వాళ్ళ ముఖం చూసి మీరే అలా అనుకున్నారా?

‘ముఖం చూసి అనుకున్నాను’ అని రాసుకున్నవి ఎక్కువే ఉండాలి. ఇవాళ పని వాటితోనే.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన చార్లెస్ హార్టన్ కూలే 1902లో ఒక మాట చెప్పాడు: మనిషికి తన మీద తనకుండే అభిప్రాయం ఎదుటివాళ్ళనే అద్దంలో చూసుకుని ఏర్పడుతుంది. అది మూడు మెట్లలో జరుగుతుందన్నాడు. ఎదుటివాళ్ళకి నేను ఎలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను. దాన్ని చూసి వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాను. ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో పడతాను. జాగ్రత్తగా చూడండి, మొదటి రెండు మెట్లూ ఊహలే. ఎదుటి మనిషి నోరు విప్పకపోయినా మూడో మెట్టు దాకా ఎక్కేయొచ్చు.

1979లో ష్రాగర్, షోనెమన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూశారు. మన గురించి మనం అనుకునేదానికీ, ‘వాళ్ళు ఇలా అనుకుంటున్నారు’ అని మనం నమ్మేదానికీ పొంతన బాగానే ఉంది. వాళ్ళు నిజంగా అనుకునేదానితో మాత్రం అంత పొంతన కనబడలేదు. నన్నడిగితే ఈ మొత్తం పాఠావళిలో మీరు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇదొక్కటే. ఏళ్ళ తరబడి మనల్ని కుంగదీసే తీర్పుల్లో కొన్ని ఎవరూ ఇవ్వనివి.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ అశోక్ నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కి చదువుతున్న కుర్రాడు చుట్టాల పెళ్ళికి ఊరెళ్ళాడనుకోండి. పెద్దనాన్న కనబడి, ‘ఏరా, ఇంకా అశోక్ నగర్‌లోనే ఉన్నావా?’ అన్నాడు. ఇంతలో ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు. కుర్రాడికి ముద్ద దిగలేదు. అప్పగింతల దాకా కూడా ఉండకుండా బస్సెక్కేశాడు.

అతని చేత నోట్‌బుక్‌లో మూడు గడులు గీయిద్దాం. మొదటి గడి ‘జరిగింది’. వీడియో తీసి ఉంటే అందులో కనిపించేది, వినిపించేది మాత్రమే ఇక్కడ రాయాలి: ‘ఇంకా అశోక్ నగర్‌లోనే ఉన్నావా అన్నాడు. ఎవరో పిలిస్తే వెళ్ళాడు.’ అంతే. ‘వెటకారంగా’ అనే మాట ఇందులోకి రాకూడదు. రెండో గడి ‘నా ఊహ’: ‘నాలుగేళ్ళయింది, ఇక వీడివల్ల కాదు అనుకుంటున్నాడు.’ మూడో గడి ‘మనసుకు తగిలింది’: ‘సిగ్గు. నేను చేతకానివాణ్ణి.’

ఆ ఆఖరి వాక్యమే రేపు అతని 20 జవాబుల జాబితాలోకి ఎక్కుతుంది. అసలు సాక్ష్యం ఏమిటి? ఒక్క ప్రశ్న! ఇప్పుడు రెండో గడిలో ఇంకో రెండు ఊహలు రాయాలి. తన కొడుకుని కూడా కోచింగ్‌కి పంపాలని, గది సంగతి అడుగుదామనుకున్నాడేమో. పలకరించడానికి ఇంకేం దొరక్క ఆ మాట అన్నాడేమో. మీకు నచ్చే ఊహలే రాయనక్కర్లేదు, అదే సాక్ష్యానికి సరిపోయేవైతే చాలు. మొదట రాసిన ఊహే నిజం కావచ్చు కూడా. రంగును బట్టి, కులాన్ని బట్టి, ఆడపిల్ల అని మనుషుల్ని తక్కువ చేసి చూసేవాళ్ళు మన మధ్య ఉన్నారు. అది కళ్ళెదుట జరిగినప్పుడు ‘అంతా నీ ఊహే’ అని ఎవరినీ నమ్మించకండి, మిమ్మల్ని మీరూ నమ్మించుకోకండి. అలాంటప్పుడు ఆ మాట మొదటి గడిలోనే ఉంటుంది.

జనమంతా మననే చూస్తున్నారన్న టెన్షన్ మాత్రం చాలావరకు అతిగా లెక్కకట్టినదే. 2000లో థామస్ గిలోవిచ్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక్కో విద్యార్థికీ వేసుకోవడానికి ఇబ్బందిపడే టీషర్టు, బారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్నది, తొడిగి, మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్ళు అంచనా వేశారు. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు.

మరి ఎదుటివాళ్ళని అడిగి తెలుసుకోకూడదా? అడగాలి, కానీ ఏది ఎవరిని అడగాలో తెలియాలి. 2010లో సిమీన్ వజీర్ చేసిన అధ్యయనంలో, లోపలి ఆందోళన లాంటి వాటి గురించి ఎవరి సంగతి వాళ్ళే బాగా చెప్పగలిగారు. తెలివితేటలు, సృజన లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి స్నేహితుల అంచనాలే మేలుగా ఉన్నాయి. మంచీచెడూ అంటగట్టే గుణాల్లో మన చూపుకి మన ఇష్టమే అడ్డం వస్తుంది. కాబట్టి ‘నాకు లోపల భయంగా ఉందా?’ అని స్నేహితుణ్ణి అడిగి లాభం లేదు. ‘మొన్న మీటింగ్‌లో నేను చెప్పింది నీకు అర్థమైందా, ఎక్కడ తప్పిపోయావు?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ‘నా గురించి ఏమనుకుంటున్నావు?’ అని మాత్రం అడగకండి. మొహమాటానికి ఏదో మంచిమాట చెప్పి ఊరుకుంటారు.

ఈ వారం అభ్యాసం: మనసు చివుక్కుమన్న సందర్భాలు మూడు ఎంచుకుని, ఒక్కోదానికీ మూడు గడులు నింపండి. అదే రోజు రాయండి, రెండ్రోజులాగితే ఊహ కూడా జరిగినదానిలాగే గుర్తుంటుంది. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని రాయాలనిపిస్తే, ఆ నలుగురి పేర్లూ రాయండి. పేరు దొరకని చోట ఖాళీ వదిలేయండి. పేరు దొరికినవాళ్ళలో మీకు నమ్మకమున్న ఒక్కరిని ఎంచుకుని, ఒక్క సందర్భం గురించి, పైన చెప్పినట్టు సూటి ప్రశ్న ఒకటి అడగండి. వాళ్ళ జవాబును వాళ్ళ మాటల్లోనే మొదటి గడి కింద రాసిపెట్టుకోండి.

4వ పాఠంలో పోలికల సంగతి చూద్దాం. లియాన్ ఫెస్టింగర్ 1954లో చెప్పిన సిద్ధాంతంతో మొదలుపెడతాం. ఈ వారం రాసిన పేజీలు అప్పుడు దగ్గర ఉండాలి.