కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుకు బాధ్యులెవరో తెలుసుకోవడం ఎలా?

ఢిల్లీ నుంచి వెలువడిన ఉత్తర్వు వల్ల ఇబ్బంది కలిగితే మనలో చాలామంది నేరుగా ప్రధానమంత్రికే అర్జీ రాస్తారు. ఆ విషయాన్ని చూసే శాఖను ముందుగా గుర్తించగలిగితే నెలల కాలయాపన తప్పుతుంది.

మొదట అది కేంద్రం పరిధిలోనిదేనా అన్నది చూడాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రైల్వేలు, పాస్‌పోర్టులు కేంద్ర జాబితాలోనూ, పోలీసు, భూమి రాష్ట్ర జాబితాలోనూ ఉన్నాయి; విద్య, అడవులు 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి చేరాయి. కనుక పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే వెళ్లవలసింది తహసీల్దారు దగ్గరికే.

ఇక ఉత్తర్వును చివరి నుంచి చదవండి. 77వ అధికరణం ప్రకారం కేంద్ర కార్యనిర్వాహక చర్యలన్నీ రాష్ట్రపతి పేరిటే వెలువడాలి. అయితే ఆ పేరు కింద సంతకం చేసేది అండర్ సెక్రటరీయో, జాయింట్ సెక్రటరీయో అయి ఉంటారు. 74వ అధికరణం రాష్ట్రపతిని మంత్రిమండలి సలహాకు కట్టుబడేలా చేసింది కాబట్టి, పేరు రాష్ట్రపతిది, సంతకం అధికారిది అయినా, జవాబు చెప్పవలసింది ఆ శాఖ మంత్రి. ఏ పని ఏ శాఖదో 1961 నాటి కేటాయింపు నియమాలు చెబుతాయి.

శాఖ తెలిశాక అక్కడి పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లోగా దరఖాస్తును వారే అక్కడికి బదిలీ చేయాలి.

నా దృష్టిలో ఇంతకంటే బలమైన దారి మీ లోక్‌సభ సభ్యులు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకే బాధ్యత వహిస్తుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో విశ్వాస పరీక్షలో ఓడి దిగిపోవలసి వచ్చింది. మంత్రిమండలిని అలా దించే అధికారం రాజ్యసభకు లేదు.

ఉత్తర్వు చట్టానికే విరుద్ధమైతే సుప్రీంకోర్టు దాకా వెళ్లనక్కరలేదు. వివాదానికి కారణం మన ప్రాంతంలో తలెత్తితే, 226వ అధికరణం కింద అమరావతిలోనో హైదరాబాదులోనో ఉన్న మన హైకోర్టులోనే కేంద్రంపై రిట్ పిటిషన్ వేయవచ్చు.