కర్నూలు నగరపాలక సంస్థకు మన మాట చేరేదెలా?

కాలువ పూడిపోయిందనో, వీధిదీపం వెలగడం లేదనో నేరుగా మేయర్ గారి దగ్గరికి వెళ్లనవసరం లేదు. ముందుగా మీ వార్డు సచివాలయంలో సంబంధిత కార్యదర్శికి అర్జీ ఇచ్చి, దాని నంబరు ఉన్న రశీదు తప్పక తీసుకోండి. నోటిమాటగా చెప్పింది ఎంత న్యాయమైనదైనా దస్త్రంలోకి ఎక్కదు.

అక్కడ పని జరగకపోతే, ఆ రశీదు నకలు జతచేసి కమిషనర్‌కు రాయండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు.

కొత్త రోడ్డు, పార్కు వంటి నిధులతో ముడిపడిన కోరికలకు దారి వేరు. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడే హక్కు మనకు ఉండదు, కార్పొరేటర్‌కు ఉంటుంది; కనుక అజెండా ఖరారు కాకముందే, వీధిలోని ఇంటింటి సంతకాలతో, స్థలం కొలతలతో, ఫొటోలతో విన్నపం ఆయనకు అందించాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి, బడ్జెట్‌లో చోటు కావాలంటే చలికాలంలోనే కదలడం మేలని నా అభిప్రాయం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదను చూసిన ఊరిలో కాలువల పనిని వానలు వచ్చేదాకా వాయిదా వేయనివ్వకూడదు.

పాలకవర్గం లేని కాలంలో ఆ అధికారాలు ప్రత్యేకాధికారి చేతిలో ఉంటాయి. అప్పుడు విన్నపం ఆయనకే ఇవ్వాలి.

మంజూరైన పని ఆగిపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అంచనా ప్రతిని, బిల్లుల వివరాలను అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.