నాన్న ఇండియన్, అమ్మ చైనీస్: బిడ్డ కాగితాలు ఎక్కడ ఆగుతాయి, ఎలా కదులుతాయి

ముందు ఒక్క సంగతి తెలిస్తే మిగతా గొడవంతా అర్థమవుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు చైనా పౌరులైనా సరే, చైనాలో పుట్టిన బిడ్డ చైనా పౌరుడే. 1980 నాటి చైనా జాతీయత చట్టంలో నాలుగో ఆర్టికల్ చెప్పేది ఇదే. రెండో పౌరసత్వాన్ని గుర్తించబోమని మూడో ఆర్టికల్ చెబుతుంది. ఇటు మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, నాన్న భారతీయుడైతే విదేశంలో పుట్టిన బిడ్డ కూడా మన బిడ్డే. కాకపోతే ఏడాదిలోగా ఇండియన్ కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. ఇద్దరూ "మా బిడ్డే" అంటున్నారన్నమాట. అందుకే కాగితం లేక ఆగే పనులకంటే, ఏది ముందు తీసుకోవాలో చూసుకోక ఆగే పనులే ఎక్కువ.

సమస్య: "సర్టిఫికెట్‌లో నాన్న పేరు పాస్‌పోర్టులో పేరుతో కలవడం లేదు"

మనవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇది. చైనాలో ఆసుపత్రి ఇచ్చే జనన వైద్య ధ్రువపత్రమే (చూషెంగ్ యీష్యుయె జెంగ్‌మింగ్) అన్నిటికీ మూలం. ఫారంలో ఏది రాసిస్తే అదే అచ్చవుతుంది.

కారణం మన పేర్లలోనే ఉంది. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి ఆ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది. కౌంటర్‌లో అమ్మాయికి ఏది ముందు రాయాలో తెలియదు. పైగా ఆఫీసులో అందరూ పిలిచే చైనీస్ పేరును అత్తగారు ఉత్సాహంగా రాసిచ్చేస్తే ఇక చెప్పక్కర్లేదు.

పరిష్కారం: డిశ్చార్జికి ముందే పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చి, అందులో ఉన్న వరుసలోనే, ఉన్న అక్షరాలతోనే పేరు రాయమనండి. అచ్చు వేసే ముందు స్క్రీన్ చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. తప్పు పడితే హుకౌ (చైనాలో పోలీస్ స్టేషన్‌లో రాసే కుటుంబ నివాస రిజిస్టర్) నమోదుకు ముందే ఆసుపత్రిలో మార్పించుకోండి. హుకౌలోకి ఎక్కాక బిడ్డ పేరు మార్చాలంటే పోలీసుల చుట్టూ తిరగాలి.

బిడ్డ పేరు హుకౌలో చైనీస్ అక్షరాల్లోనే ఉంటుంది. సివిల్ కోడ్ ప్రకారం తండ్రి ఇంటిపేరైనా, తల్లి ఇంటిపేరైనా పెట్టొచ్చు. మీనా, లీనా లాగా రెండు భాషల్లోనూ నోటికి పట్టే పేరైతే మీకే సుఖం. లేదంటే చైనా కాగితాల్లో ఒక పేరు, ఇండియా కాగితాల్లో ఇంకో పేరు ఉండి, ఇద్దరూ ఒక్కరేనని జీవితాంతం రుజువు చేస్తూ ఉండాలి.

ఇంకో జాగ్రత్త. ఆ ధ్రువపత్రంలో విడదీసే భాగం ఒకటుంటుంది. దాన్ని హుకౌ రాసే పోలీస్ స్టేషన్ వాళ్లే చింపి దాచుకుంటారు. ఫైల్లో పట్టడం లేదని మీరు చింపారో, అది చెల్లదు. స్టేషన్‌కు వెళ్లకముందే, విడదీయని మొత్తం కాగితాన్ని కలర్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి.

సమస్య: ఇండియన్ కాన్సులేట్‌లో పౌరసత్వ నమోదు ముందుకు పోవడం లేదు

రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, బిడ్డకి అప్పటికే చైనా పాస్‌పోర్టు తీసుకుని ఉంటారు. నమోదు చేసేటప్పుడు "ఈ మైనర్‌కు వేరే దేశం పాస్‌పోర్టు లేదు" అని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఉన్నదాన్ని లేదని రాస్తే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. హుకౌ వేరు, పాస్‌పోర్టు వేరు. కాబట్టి ఏ పాస్‌పోర్టు కావాలో ప్రసవానికి ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. చైనాలోనే ఉండి అక్కడి ప్రభుత్వ బడిలో చదివించాలనుకుంటే చైనా పాస్‌పోర్టే తేలిక అని నా అభిప్రాయం. నానమ్మని చూడ్డానికి వచ్చేటప్పుడు ఇండియా ఎంట్రీ వీసా తీసుకోవచ్చు. భారత పౌరుల భార్యాభర్తలకీ పిల్లలకీ ఆ వీసా ఉంది.

రెండోది, ఏడాది దాటిపోయి ఉంటుంది. అప్పుడు దారి మూసుకుపోదు గానీ కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఆలస్యానికి కారణం రాసి, ఉన్న ఆధారాలన్నీ జతచేసి, ఓపిగ్గా ఎదురుచూడాలి.

చైనా జనన ధ్రువపత్రాన్ని అలాగే తీసుకెళ్లినా పని ఆగొచ్చు. అక్కడి నోటరీ కార్యాలయం (గొంగ్‌జెంగ్‌చూ) ఇంగ్లీషు అనువాదంతో కలిపి నోటరీ పత్రం ఇస్తుంది. చైనాలో అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య కాగితాలు చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) 2023 నవంబరు 7 నుంచి అమల్లోకి వచ్చింది నిజమే. కానీ ఆ ఒప్పందంలో చైనా చేరికపై అభ్యంతరం చెప్పిన దేశాల్లో ఇండియా ఉంది. అందుకే "అపోస్టిల్ చాలు" అని ఏజెంట్ అన్నాడని డబ్బు కట్టేయకండి. ఏ ముద్ర కావాలో కాగితం తీసుకునే కాన్సులేట్‌నే ముందు అడగండి.

సమస్య: ఇండియన్ పాస్‌పోర్టు వచ్చింది, కానీ బిడ్డని విమానం ఎక్కనివ్వడం లేదు

పాస్‌పోర్టులో చైనా వీసా ఏది అని అడుగుతారు. వీసా పెట్టించుకోబోతే ఇవ్వరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో బిడ్డ చైనా పౌరుడు, సొంత పౌరుడికి వీసా ఏమిటి? ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది.

పరిష్కారం ఎగ్జిట్ ఎంట్రీ పర్మిట్ (చూరూజింగ్ తొంగ్‌షింగ్‌జెంగ్). మీ ఊళ్లోని పబ్లిక్ సెక్యూరిటీ ఎగ్జిట్ ఎంట్రీ కార్యాలయంలో అడగండి. జనన ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరి గుర్తింపు కాగితాలు, బిడ్డ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. అది చేతికొచ్చాకే టికెట్లు కొనండి.

తిరుగు ప్రయాణం సంగతి మర్చిపోతారు. ఇండియా నుంచి మళ్లీ వెళ్లడానికి చైనా ఎంబసీ దగ్గర ట్రావెల్ డాక్యుమెంట్ (ల్యూషింగ్‌జెంగ్) తీసుకోవాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు. ఢిల్లీలో ఎంబసీ, ముంబై, కోల్‌కతాల్లో కాన్సులేట్లు ఉన్నాయి. మీ జిల్లా ఎవరి పరిధిలోకి వస్తుందో సెలవులు పెట్టుకోకముందే కనుక్కోండి.

సమస్య: కాన్పు హైదరాబాద్‌లో అయింది, అయినా బిడ్డ పాస్‌పోర్టుకు అభ్యంతరం వచ్చింది

ఇండియాలో పుట్టాడు కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టిన పిల్లల విషయంలో ఒకరు భారత పౌరులైతే, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. వీసా గడువు దాటి ఉన్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో ఆ కోవలోకే వస్తారు. చైనా నుంచి వచ్చిన కోడలి వీసా కాన్పుకి వారం ముందు అయిపోయిందనుకోండి, చిక్కు బిడ్డ మీదికి వస్తుంది.

పుట్టాక దిద్దుకోవడం కష్టం. నెలలు నిండకముందే ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) వెబ్‌సైట్‌లో వీసా పొడిగింపు పెట్టుకోండి. రసీదు, పొడిగింపు ఉత్తర్వు రెండూ దాచండి. జననం 21 రోజుల్లోగా మున్సిపాలిటీలో నమోదు కావాలి. మామూలుగా ఆసుపత్రే ఆ సమాచారం పంపుతుంది, అయినా ఒకసారి వెళ్లి తల్లి పేరు చూసుకోండి. చైనా పాస్‌పోర్టులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి, మన ఇంటిపేరు తగిలించకూడదు. కోడలికి మన ఇంటిపేరు రాయించాలని పెద్దవాళ్లకి ముచ్చటగా ఉంటుంది, ఆ ముచ్చట శుభలేఖలో తీర్చుకోండి.

ఇలా ఇండియాలో పుట్టిన బిడ్డకు చైనా వీసా అడిగినప్పుడు ఫైలు తిరిగి రావచ్చు. చైనా జాతీయత చట్టం ఐదో ఆర్టికల్ ప్రకారం, బయట పుట్టినా ఒకరు చైనా పౌరులైతే బిడ్డ చైనా పౌరుడే. చైనా పౌరులైన ఆ తల్లో తండ్రో విదేశంలో స్థిరపడి ఉండి, పుట్టుకతోనే బిడ్డకి విదేశీ పౌరసత్వం వచ్చి ఉంటేనే మినహాయింపు. కాబట్టి బిడ్డ పుట్టిన రోజున తల్లి ఇక్కడ ఏ హోదాలో ఉందో చూపే కాగితం జతచేయండి. వీసా ఇస్తారా, ట్రావెల్ డాక్యుమెంట్ ఇస్తారా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.