చెరువులో చేపలెన్నో లెక్కగట్టడం ఎలా?

కట్ట మీద నిలబడి నీళ్లకేసి చూసి 'రెండు వేలుంటాయిలే' అనేస్తే అది లెక్క కాదు. కొన్ని చేపల్ని పట్టి గుర్తుపెట్టి వదిలి, మళ్లీ పట్టి చూస్తే నిష్పత్తే సంఖ్య చెబుతుంది. డెన్మార్క్ వాసి పీటర్సన్ 1896లో చేపలకు గుర్తులు పెట్టాడు. 1930లో అమెరికాలో లింకన్ అడవి బాతుల సంఖ్యను ఇలాగే అంచనా వేశాడు.

విసురువల, రెండు బకెట్లు, చిన్న కత్తెర, నోటుబుక్కు చాలు. ముందు చెరువును వేలంపాటలో దక్కించుకున్నవాళ్ల అనుమతి తీసుకోండి. చిత్తూరు చెరువుల్లో మొదట జిలేబి చేప (తిలాపియా)తోనే మొదలుపెట్టాలి. ఒక్కో జాతికి లెక్క విడిగా కట్టాలి, కలిపేయకూడదు.

తెల్లవారుజామునే పట్టండి. తడి చేత్తో పట్టుకుని తోకరెక్క కొస కొద్దిగా కత్తిరించి వెంటనే వదలండి. రంగుదారం కట్టొద్దు, నాచులో చిక్కుకుని చేప చస్తుంది. అన్నింటినీ ఒకేచోట కాకుండా చెరువంతా తిరిగి వదలాలి. తర్వాత మూడు రోజులు ఆగండి. వారాలు గడిస్తే రెక్క మళ్లీ పెరుగుతుంది. మధ్యలో వానొచ్చి మొరవ (అలుగు) పారిందా, చేపలు కొట్టుకుపోతాయి, మళ్లీ మొదటికే.

అందరూ పాడుచేసేది రెండోసారి పట్టేటప్పుడు. తూము దగ్గర వల వేయడం సులువని అక్కడే వేస్తారు. చేపల్ని వదిలిందీ అక్కడే అయితే గుర్తున్నవే ఎక్కువ పడి, అంచనా అసలుకంటే తగ్గిపోతుంది. ఒకసారి వలలో పడ్డ చేప బెదిరి తప్పించుకుంటే అంచనా పెరిగిపోతుంది. ఏ చేపకైనా వలలో పడే అవకాశం సమానంగా ఉండాలి, అసలు కిటుకు ఇదే.

అందుకే కాగితం మీద చెరువు బొమ్మ గీసి, గళ్లు చేసి, నంబర్లు వేసి చీటీలు తీయండి. ఏ గడి వస్తే అక్కడికే వెళ్లాలి. తుమ్మచెట్ల దగ్గర వల చిరుగుతుందని చాలామంది ఆ గళ్లు వదిలేస్తారు. నీడకు చేపలు చేరేది అక్కడే కదా! పాత వల తీసుకెళ్లండి. ఎన్నిసార్లు విసరాలో ముందే రాసుకోండి. గుర్తున్నవి బాగా పడుతున్నాయని మధ్యలో ఆపడం, పడట్లేదని ఇంకో రెండు వేయడం రెండూ తప్పే.

ప్రతి తోకనూ వెలుతురులో చూడండి. కత్తెర కోత అంచు నున్నగా, తిన్నగా ఉంటుంది. కొర్రమీను కొరికిన తోక పీలికలుగా ఉంటుంది. దాన్ని గుర్తుగా లెక్కేయొద్దు.

మొదట 40కి గుర్తుపెట్టారనుకుందాం. రెండోసారి పడ్డ 50లో గుర్తున్నవి 8. అంటే నూటికి 16. చెరువులో గుర్తున్న 40 కూడా మొత్తంలో నూటికి 16 అనుకుంటే, 40ని 50తో గుణించి 8తో భాగించాలి: 250. చిన్న నమూనాల్లో ఇది కాస్త ఎక్కువ చూపిస్తుంది. 1951లో ఛాప్‌మన్ చెప్పిన సవరణే వాడండి: 41ని 51తో గుణించి, 9తో భాగించి, ఒకటి తీసేస్తే సుమారు 231.

ఇదే పద్ధతి అడవి జీవులకూ వాడదామని శేషాచలం అడవుల్లో బంగారు బల్లి, దేవాంగ పిల్లి లాంటివాటిని మాత్రం ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా పట్టడం నేరం. చిరుతకైతే అసలు పట్టే పనే లేదు. ఒంటి మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి కెమెరా ఫొటోలే సరిపోతాయి.

రెండోసారి గుర్తున్నవి ఏడుకన్నా తక్కువ పడితే ఆ అంకె ఎవరికీ చెప్పకండి. ఇంకా ఎక్కువ చేపలకు గుర్తుపెట్టి మొదటినుంచీ చేయండి.