మలక్‌పేటలో సీజన్ మొదలయ్యేలోపు నిరుటి లెక్క తీయండి

జూలైలో మలక్‌పేట రేసుకోర్సులో వానాకాలం సీజన్ మొదలవుతుంది. అక్టోబరు దాకా అది నడుస్తుంది, తర్వాత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం సీజన్. హైదరాబాద్‌లో పందేలు ఆడేవాళ్లకు ఈ రెండూ కలిస్తేనే ఒక ఏడాది. వేసవిలో దొరికే ఖాళీలోనే నిరుటి లెక్క చూసుకోవాలి. మొదటి రేసు రోజు పొద్దున చూద్దాంలే అనుకుంటే కుదరదు. అప్పటికే చేతిలోకి రేసు బుక్ వచ్చేసి ఉంటుంది, మనసు గుర్రాల మీదికి వెళ్లిపోయి ఉంటుంది.

పందెం ఆడటం తప్పా ఒప్పా అన్న చర్చ ఇక్కడ చేయడం లేదు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని 1996లో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లు ఆ తీర్పును గర్వంగా చెప్పుకుంటారు. నేనూ ఆ మాట నమ్ముతాను. రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే ప్యాడాక్‌లో గుర్రం నడకను చూసి అది సిద్ధంగా ఉందో లేదో పోల్చగలవాళ్లు నిజంగా ఉన్నారు. కానీ అంత తెలిసినవాళ్లకు కూడా ఇప్పుడు డబ్బు మిగలడం చాలా కష్టమైపోయింది. దానికి కారణం పన్ను. అందుకే లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

ఇదివరకు పందెం ముఖవిలువ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. 100 రూపాయల పందేనికి 40 రూపాయల పన్ను. అంటే చేతి నుంచి వెళ్లే ప్రతి 140లో గుర్రం మీదికి చేరేది 100 మాత్రమే. గెలిచినా ఓడినా ఆ 40 తిరిగి రాదు. ఈవెన్ మనీ గుర్రం, అంటే 100కు 100 లాభం ఇచ్చే గుర్రం తీసుకోండి. గెలిస్తే 200 చేతికొస్తుంది. పన్ను లేకపోతే రెండు పందేల్లో ఒకటి గెలిస్తే లాభనష్టాలు సరిసమానం. 140 పెట్టి 200 అందుకునేచోట సరిసమానం కావాలంటే పదింటిలో ఏడు గెలవాలి. 2/1 గుర్రానికి (100కు 200 లాభం) పన్ను లేకపోతే మూడింట ఒకటి గెలిస్తే సరిపోతుంది, ఇప్పుడు దాదాపు సగం గెలవాలి. ఇక గట్టి ఫేవరెట్ల, అంటే గెలుస్తాయని ఎక్కువమంది నమ్మే గుర్రాల సంగతి చూడండి. 100కు 40 ఇచ్చే గుర్రం గెలిస్తే మీ చేతికొచ్చేది 140, మీరు పెట్టిందీ 140. గుర్రం గెలిచింది, మీకు మిగిలింది సున్నా. అంతకన్నా తక్కువ ధర (100కు ఇచ్చే లాభం) ఉన్న గుర్రం గెలిస్తే గెలుపులోనే నష్టం. నా దృష్టిలో ఈ సీజన్‌కు మొదటి జాగ్రత్త ఇదే: ధర పక్కన పన్ను కలిపిన ధర రాసుకోకుండా ఏ గుర్రాన్నీ ఫేవరెట్ అనుకోవద్దు.

అందుకే నిరుటి లెక్కను రెండు ముక్కలు చేయండి, 2025 సెప్టెంబరు 22కు ముందు, తర్వాత. ప్రతి పందేనికీ మొత్తం చెల్లించింది ఎంత, తిరిగొచ్చింది ఎంత అన్నవి పక్కపక్కనే రాయండి. టికెట్ మీద పందెం సొమ్ము రాసి పన్నును వదిలేస్తే లెక్క మనల్ని మభ్యపెడుతుంది. ఆటో ఖర్చు, ప్రవేశ టికెట్, రేసు బుక్ ధర కూడా అందులోనే చేర్చండి. లెక్క రాసే అలవాటు లేనివాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ చరిత్ర తీసి చూస్తే రేసు రోజుల్లో తీసిన నగదైనా తెలుస్తుంది. ఇంటికి తెచ్చిన నగదు ఎంతో గుర్తు లేకపోతే దాన్ని సున్నాగానే వేయండి. గెలుపు బాగానే గుర్తుంటుంది, ఓటమి మరుపున పడుతుంది. ఊహించి వేసిన అంకె ఎప్పుడూ మన పక్షాన్నే మొగ్గుతుంది.

తర్వాత ఆ పందేలను రకాలుగా విడదీయండి. విన్ (మొదట వచ్చే గుర్రం మీద) ఎన్ని, ప్లేస్ (ముందు వచ్చే కొన్ని స్థానాల మీద) ఎన్ని, ఫోర్‌కాస్ట్ (మొదటి రెండు గుర్రాలు), టనాలా (మొదటి మూడు గుర్రాలు వరుసగా), జాక్‌పాట్ ఎన్ని. సొంతంగా చూసి వేసినవి ఎన్ని, ఎవరో టిప్పు చెబితే వేసినవి ఎన్ని. టిప్పుల వరుసను విడిగా కూడితే చాలామంది ఆశ్చర్యపోతారు. లాయం నుంచి వచ్చిందని చెప్పే కబురు మీ చెవిన పడేసరికి బుకీ దగ్గర ధర ఎప్పుడో పడిపోయి ఉంటుంది. గుర్రం నిజంగా గెలిచినా ఆ ధరలో మీకు మిగిలేదేమీ ఉండదు.

చివరి రేసును తప్పకుండా విడిగా లెక్కించండి. ఓడిన డబ్బంతా ఒక్క దెబ్బతో లాగాలని పెద్ద ధర ఉన్న గుర్రం మీద వేసేది అప్పుడే. ఇది మన ఊరివాళ్లకే ఉన్న బలహీనత కాదు. నెగ్గే అవకాశం తక్కువున్న గుర్రాల మీద జనం వాటి విలువకు మించి డబ్బు పెడతారని 1949లోనే అమెరికాలో గ్రిఫిత్ అనే పరిశోధకుడు చూపించాడు. మీ లెక్కలో చివరి రేసు వరుస మిగతావాటికన్నా ఎక్కువ నష్టంలో కనిపిస్తే ఈ సీజన్‌లో చివరి రేసుకు ముందే గేటు దాటి వచ్చేయండి. ఆ రేసు చూడకపోతే పోయేదేమీ లేదు.

జాక్‌పాట్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చిన్న జీతాలవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. వరుసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలను చెప్పాలి. ఒక్కో రేసులో రెండేసి గుర్రాలు పెడితే 32 కాంబినేషన్లు. మూడేసి పెడితే 243. కాంబినేషన్‌కు 10 రూపాయల చొప్పున వేసినా అది 2,430, పన్నుతో 3,402. రేసుకు ఒక్క గుర్రం పెంచినందుకు ఖర్చు ఏడు రెట్లకు మించి పెరిగింది. పైగా ఇది టోట్ మీద నడిచే పందెం. అందరూ పెట్టిన డబ్బులోంచి క్లబ్బు వాటా తీసేశాక మిగిలింది నెగ్గినవాళ్లు పంచుకుంటారు. ఐదు రేసుల్లోనూ ఫేవరెట్లే గెలిచిన రోజున నెగ్గినవాళ్లు ఎక్కువ, ఒక్కొక్కరికి వచ్చేది కొంచెం. నలుగురు కలిసి వేసే అలవాటుంటే ఎవరెంత పెట్టారో, వస్తే ఎలా పంచుకోవాలో ముందే కాగితం మీద రాసుకోండి. టికెట్ ఎవరి దగ్గరుంటుందో కూడా. స్నేహాలు చెడేది అక్కడే.

సీజన్ మొదటి వారాల్లో చేయి కట్టుకుని చూడటం మంచిది. ఫిబ్రవరి తర్వాత ఇక్కడ పరుగెత్తని గుర్రం నాలుగైదు నెలల విరామంతో వస్తుంది. దాని పాత ఫామ్ చూసి పందెం కాస్తే ఎండాకాలం దాన్ని ఎలా మార్చిందో తెలియకుండా కాసినట్టే. బెంగళూరు వేసవి సీజన్‌లో పరుగెత్తి వచ్చిన గుర్రానికి ఆ రకంగా కొంత మేలు ఉంటుంది. పైగా వాన. ట్రాక్ ఎంత మెత్తగా ఉందో చెప్పే పెనెట్రోమీటర్ అంకెను ఆ రోజు చూడాలి, ముందు రోజు వేసుకున్న అంచనాను దాంతో సరిచూసుకోవాలి. గట్టి నేల మీద దూసుకుపోయే గుర్రం మెత్తని నేలలో కాళ్లీడ్చడం, వెనకబడే గుర్రం హాయిగా ముందుకు రావడం వానాకాలంలో మామూలే. వాన పడ్డాక ధర మారలేదంటే అందరూ ఆ అంచనా వేసేశారని కాదు, చాలామంది వేయలేదనే. కొత్త అప్రెంటిస్ జాకీకి (ఇంకా నేర్చుకుంటున్న రౌతుకు) ఇచ్చే బరువు తగ్గింపు కాగితం మీద లాభంలా కనిపిస్తుంది, కానీ గుంపులో చిక్కుకున్నప్పుడు అనుభవం లేకపోవడం దాన్ని మింగేస్తుంది.

ఇతర ఊళ్ల రేసులు మలక్‌పేటలో తెర మీద చూస్తూ ఆడటం ఇంకో ప్రమాదం. ఇక్కడ ఒక రేసుకు, తర్వాతి రేసుకు మధ్య దాదాపు అరగంట ఉంటుంది. ఆ అరగంట ఆలోచించుకోవడానికి. బెంగళూరు, పుణె రేసులు కూడా కలిస్తే ఆ ఖాళీ పోతుంది, ప్యాడాక్‌లో కళ్లతో చూడని గుర్రం మీద పది నిమిషాలకోసారి డబ్బు వెళుతుంది. నిరుటి లెక్కలో ఊరి రేసులు, బయటి రేసులు విడదీసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. తెర రేసులు పూర్తిగా మానేయమనే నా సలహా.

పన్ను లేదని ఆశ చూపించే బయటి బుకీల దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. గేమింగ్ చట్టం మినహాయింపు ఇచ్చింది రేసు జరిగే రోజున, అనుమతించిన ఆవరణలో వేసే పందేలకే. గల్లీలోనో ఫోన్‌లోనో అరువు మీద వేసే పందేనికి ఆ రక్షణ లేదు. గెలిచినప్పుడు ఇవ్వకపోతే అడగడానికి మీకు చోటు లేదు. ఓడినప్పుడు మాత్రం వాళ్లు మీ ఇంటికే వస్తారు. అరువు కావడంతో ఎంత ఓడామో చేతికి తెలియదు, వారం చివర అంకె చెప్పినప్పుడే తెలుస్తుంది.

చాలామంది మరిచేది ఆదాయ పన్ను. జూలై అంటే రిటర్నులు వేసే నెల కూడా. గుర్రప్పందెం గెలుపు మీద నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. కనీస మినహాయింపు దీనికి వర్తించదు, ఓడిన డబ్బును గెలుపులోంచి తీసేయడానికీ వీల్లేదు. ఏడాదిలో రెండు లక్షలు గెలిచి, మూడు లక్షలు ఓడినవాళ్లు లక్ష నష్టంలో ఉన్నా, ఆ రెండు లక్షల మీద 62,400 కట్టాల్సిందే. 10,000 దాటిన గెలుపులో పన్ను ముందే కోసుకుంటారు, ఆ కాగితాలు దాచండి. టికెట్ కూడా, ఫలితం ఖరారైందని ప్రకటించేదాకా చించవద్దు. స్టీవార్డుల (రేసును పర్యవేక్షించే అధికారుల) విచారణలో వరుస మారిన రేసులున్నాయి.

ఇవన్నీ అయ్యాక ఈ సీజన్‌కు ఒక అంకె అనుకోండి. మొత్తం పోయినా పిల్లల ఫీజు, ఇంటి అద్దె, ఈఎంఐ తాకని అంకె. దాన్ని రేసు రోజుల మీద భాగించి, ఆ రోజు భాగం మాత్రమే నగదుగా జేబులో పెట్టుకోండి. ఏటీఎం కార్డు ఇంట్లో ఉంచండి, రేసు రోజున ఫోన్‌లో యూపీఐ పరిమితి తగ్గించండి. ఈ అంకె ఇంట్లో ఒకరికి చెప్పాలి. చెప్పడానికి నోరు రాకపోతే ఆ అంకె ఎక్కువైనట్టు. లోన్ యాప్ డబ్బు, తాకట్టు పెట్టిన బంగారం, చిట్టీ పాట డబ్బు రేసుకోర్సు గేటు దాటకూడదు. దీనికి మినహాయింపు లేదు.

నిరుటి లెక్క తీసేటప్పుడు కొందరికి వేరే సంగతి కనిపిస్తుంది. అనుకున్న పరిమితి పదేపదే దాటడం, భార్యకో తల్లికో అబద్ధం చెప్పడం, ఓడిన డబ్బు రాబట్టడానికే మళ్లీ వెళ్లడం, మానేద్దామనుకుని మానలేకపోవడం. పైన చెప్పిన జాగ్రత్తలు వాళ్లకు సరిపోవు, ఎంత చిన్న అంకె అనుకున్నా నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగానే గుర్తించింది, వైద్యం ఉంది. వాళ్లు ఈ సీజన్‌కు అసలు వెళ్లకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో అలాంటివాళ్లు ఉన్నవాళ్లు కూడా చేయవచ్చు.